పరాకాష్ఠ – ఒక పందెపు మాట

నాలుగేండ్ల క్రిందట ఒక మూల్యాంకన శిబిరములో చిన్న వివాదము పుట్టినది. పరాకాష్ఠ అను పదమునకు అర్థము వ్రాసి, దానిని సొంతవాక్యమున ప్రయోగింపుమని ప్రశ్న. ఒక విద్యార్థి ఇట్లు వ్రాసెను: కాష్ఠమనగా కట్టె, పరాకాష్ఠ యనగా చిట్టచివరి కట్టె, అనగా చితిపై పేర్చెడి కట్టె, కావున దేనికైనను ఆఖరి దశ. వాక్యప్రయోగము మాత్రము నిర్దుష్టముగా నున్నది. పరీక్షకులలో ఒకరు, అర్థము సరిపోయినది కనుక పూర్తి మార్కులు వేయవలెననిరి. మఱియొకరు, ఇది అమంగళమైన కల్పన, ఒక్క మార్కును వేయరాదనిరి. వయసులో పెద్దవాడనని ఇరువురును నావైపు చూచిరి. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని.

నా సంకోచమునకు కారణము వారికి తెలియదు. అధ్యాపకత్వమున చేరిన తొలి పదేండ్లలో నేనును తరగతిలో ఈ పదమును కట్టెతోనే ముడిపెట్టి చెప్పియుంటిని. చితి దాకా పోలేదు గాని, కాష్ఠమనగా దారువు, ఎత్తైన దారుస్తంభము యొక్క కొన పరాకాష్ఠ, అందువలన ఉచ్చస్థితి అని చెప్పితిని. వినసొంపుగా నుండుటచే పిల్లలు వ్రాసికొనిరి. వారిలో కొందఱు అధ్యాపకులైరి. చితిమీది కట్టె నా స్తంభమునుండి విఱిగిపడిన ముక్కయే కావచ్చును.

ఇంకను సిగ్గుపడవలసిన సంగతి ఒకటి కలదు. ఆ దినములలోనే నేను ప్రతినిత్యము స్వాధ్యాయము చేయుచుంటిని. తైత్తిరీయ సంహిత ప్రథమ కాండమున ఏడవ ప్రపాఠకము, ఎనిమిదవ అనువాకము మా పాఠశాలలో సంత చెప్పుకొనిన భాగమే. అందు గుఱ్ఱములను సంబోధించి, పరుగెత్తుడు, దారులను కొలుచుచు సాగుడు, కాష్ఠను చేరుడు అని ప్రోత్సహించెడి మంత్రము కలదు. పండ్రెండవ ఏటనే అది నాకు కంఠస్థము. నలువదవ ఏటివఱకు ఆ కాష్ఠకును, నేను తరగతిలో చెప్పెడి పరాకాష్ఠకును సంబంధ మేమని నేను ఆలోచింపలేదు. వల్లించుట ఒక గదిలోను, అర్థము చెప్పుట మఱియొక గదిలోను జరుగుచుండెను. రెంటి నడుమ తలుపు తీసినవాడు యాస్కుడు.

మొదట లింగమును చూడవలెను. కట్టె యను అర్థముగల శబ్దము నపుంసకలింగము: కాష్ఠమ్. అమరుడు దానిని దారు శబ్దముతో కలిపి వనౌషధివర్గమున చెప్పెను. మన ప్రస్తుత శబ్దము ఆకారాంత స్త్రీలింగము: కాష్ఠా. ఈ భేదమును తెలుగే కాపాడుకొని వచ్చినది. సంస్కృత నపుంసకము మనకు ము-వర్ణాంతమై వచ్చును, వనమ్ వనము, ఫలమ్ ఫలము అయినట్లు. ఆకారాంత స్త్రీలింగము తుద హ్రస్వమై నిలుచును, సీతా సీత, శాఖా శాఖ అయినట్లు. కట్టెయే మూలమైనచో మనము పరకాష్ఠము అనవలసినది. ఏ తెలుగువాడును అట్లనడు. పరాకాష్ఠ యనియే అనుచున్నాడు. తత్సమరూపము తన తల్లి పేరును తానే చెప్పుచుండగా మనము కట్టెలమోపు వెంట బోయితిమి.

నిరుక్తము ద్వితీయాధ్యాయమున యాస్కుడు కాష్ఠా శబ్దమును విచారించెను. అది అనేక వస్తువులకు పేరని ఆయన మతము. దిక్కులు కాష్ఠలు. ఉపదిక్కులును కాష్ఠలు. సూర్యుడు కాష్ఠ. నిలుకడగల జలములు కాష్ఠలు. ఆజ్యంతము కూడ కాష్ఠయే. ఆజి యనగా పరుగుపందెము, దాని అంతము ఆజ్యంతము, అనగా పందెపు గుఱి. అన్నింటికిని ఆయన నిర్వచన మొక్కటే: క్రమించి, అనగా దాటివచ్చి, నిలిచినది కాష్ఠ. ఇందు రెండు ధాతువుల అంశములు గలవు. ఒకటి నడక, రెండవది నిలుకడ. ఈ నిర్వచనము భాషాశాస్త్రజ్ఞులకు సమ్మతము కాకపోవచ్చును. వైయాకరణులు వేఱు త్రోవ తొక్కిరి. ఉణాదులలో దీప్త్యర్థకమైన కాశృ ధాతువుపై క్థన్ ప్రత్యయమును చేర్చి ఈ రూపమును సాధింతురు. శకారము షకారమై, దాని సంబంధమున థకారము ఠకారమగును. అదే సూత్రముచే రమ్ ధాతువునుండి రథ శబ్దమును సిద్ధించుట ఒక వినోదము. రథమును, రథము చేరవలసిన గుఱియు ఒకే సూత్రము క్రింద ప్రక్క ప్రక్కనే కూర్చున్నవి. వ్యుత్పత్తి ఏదైనను, అర్థనిర్ణయమునకు ప్రయోగమే ప్రమాణము గనుక ప్రయోగములను చూతము.

ఋగ్వేదము ఏడవ మండలము తొంబదిమూడవ సూక్తము ఇంద్రాగ్నిదేవతాకము. దాని మూడవ ఋక్కున, బుద్ధిని కోరి దేవతలను పిలిచెడి విప్రులు కాష్ఠను అందుకొనబోవు గుఱ్ఱములతో పోల్చబడిరి. ఈ ఉపమను నేను చాల విలువైనదిగా ఎంచుచున్నాను. అక్కడ పందెము లేదు, మైదానము లేదు, ఉన్నది యజ్ఞసభ. అయినను పందెపు గుఱి మనుష్యుల ప్రయత్నమునకు ఉపమానముగా వచ్చినది. నేడు మనము పరాకాష్ఠకు చేరినది అనునప్పుడు చేయుచున్న పని ఆనాటికే ప్రారంభమైనది.

ఎనిమిదవ మండలము ఎనుబదవ సూక్తము ఇంకను ఆసక్తికరము. కవి ఇంద్రుని వేడుకొనుచున్నాడు: నా రథము వెనుకబడియున్నది, దానిని ముందునకు తెమ్ము. కొన్ని ఋక్కుల తరువాత, కాష్ఠ విశాలమైనదనియు, ధనము ఒడ్డబడియున్నదనియు చెప్పుచున్నాడు. ఇక్కడ కాష్ఠ యనగా గుఱి కాదు, పందెము జరుగు మైదానము. పరుగుభూమికిని, దాని అంతమునకును ఒకే పేరు. ధన శబ్దమును కూడ గమనింపవలెను. అది ఇక్కడ సంపద కాదు, గెలిచినవానికై ఉంచిన పణము. మన ధనము మొదట పందెపు సొమ్మేనని తెలిసిన నాడు నేను కొంత నవ్వుకొంటిని. ఆజి శబ్దమునకును ఇట్టి కథయే జరిగినది. పందెమని అర్థముగల ఆ మాట అమరుని నాటికి యుద్ధపర్యాయములలో చేరినది, మన కావ్యములలో యుద్ధముగానే మిగిలినది. ఆజి పందెమును మఱచి యుద్ధమైనది. కాష్ఠ పందెమును మఱచి ఉత్కర్ష యైనది.

పదవ మండలము నూటరెండవ సూక్తమును విడిచిపెట్టుటకు మనసు రాదు. అది ముద్గలుని పందెము. భార్మ్యశ్వుడైన ముద్గలుడు ఒకవైపు వృషభమును, రెండవవైపు ద్రుఘణమును, అనగా కొయ్య గదను, బండికి కట్టి ఆజిని గెలిచెనని యాస్కుడు తొమ్మిదవ అధ్యాయమున ఈ ఇతిహాసమును చెప్పెను. సూక్తము తొమ్మిదవ ఋక్కున, ఎద్దునకు జోడైన ఆ ద్రుఘణము కాష్ఠ నడుమ పడియున్నదని వర్ణన. ఇచ్చటను కాష్ఠ యనగా పరుగుభూమియే. కట్టెయును కాష్ఠయును ఒకచోట కలిసిన అరుదైన ఘట్టమిది. అయినను కట్టెకు వాడిన శబ్దము ద్రుఘణమే. నా పాత వ్యుత్పత్తిని కాపాడుకొనుటకు ఒకప్పుడు ఈ ఋక్కును ఆశ్రయింప జూచి, ఇక్కడనే ఓడిపోతిని.

బ్రాహ్మణములకు వచ్చినచో పందెము కథయగును. ఐతరేయబ్రాహ్మణము నాల్గవ పంచికలో ఆశ్వినశస్త్రమునకై దేవతలు పందెము పరుగెత్తిన వృత్తాంతము కలదు. గృహపతియైన అగ్నినుండి బయలుదేఱుట, ఆదిత్యుని కాష్ఠగా చేసికొనుట నియమము. యాస్కుడు సూర్యుని కాష్ఠ యనుటను ఈ కథతో కలిపి చదివినప్పుడు అది బాగుగా బోధపడును. ఆ పందెమున అగ్ని కంచరగాడిదలను కట్టెను. ఉషస్సు ఎఱ్ఱని ఆవులను కట్టెను. ఇంద్రుడు గుఱ్ఱముల రథముపై వచ్చెను. అశ్వినులు గాడిదల రథముపై వచ్చిరి. గెలిచినవారు అశ్వినులు! ఆ పరుగుతో గాడిద తన వేగమును పోగొట్టుకొనెనని బ్రాహ్మణము కారణము చెప్పుచున్నది. ఋగ్వేదము ప్రథమ మండలము నూటపదునాఱవ సూక్తములో, యముని ఆజిలో అశ్వినుల రాసభము వేయింటిని గెలిచినదన్న మాట దీనికి బలము.

ఇంగ్లీషులో డార్క్ హార్స్ అను పలుకుబడి కలదు. ఎన్నికల వేళ మన తెలుగు పత్రికలును దానిని అట్లే వాడును. ఎవ్వరి గణనలోను లేక, హఠాత్తుగా గెలుపొందినవాడని దాని అర్థము. డిజ్రేలీ 1831లో ప్రకటించిన ది యంగ్ డ్యూక్ అను నవలలోని గుఱ్ఱపు పందెపు ఘట్టమున అది కనబడును. 1844లో బాల్టిమోరు నగరమున జరిగిన డెమోక్రాటిక్ పక్షపు మహాసభ, తొలి విడతలలో పేరే వినబడని జేమ్స్ పోల్కును తొమ్మిదవ విడత ఓటింగులో అధ్యక్షపదవికి అభ్యర్థిగా నిలిపినది. అతడు ఎన్నికలోను గెలిచెను. ఆ దేశ రాజకీయములలో ఆ పలుకుబడికి అతనినే తొలి ఉదాహరణముగా చెప్పుదురు. అశ్వినుల గాడిదను డార్క్ హార్స్ అనవచ్చునా యని ఒక శిష్యుడు నన్నడిగెను. అనవచ్చును, గుఱ్ఱము కాదను చిక్కు ఒక్కటియే. అయితే రెంటికిని భేదము కలదు. ఇంగ్లీషు పలుకుబడి పరుగెత్తెడి ప్రాణిని పట్టుకొన్నది. మన పలుకుబడి పరుగు ముగియు చోటును పట్టుకొన్నది.

ఆ చోటు ఎట్లుండునో చూడగోరువారు వాజపేయమును చూడవలెను. అందు పదునేడు సంఖ్య ప్రధానము, ప్రజాపతి సప్తదశుడని చెప్పుటవలన. పదునేడు రథములు పరుగెత్తును. పదునేడు దుందుభులు మ్రోగును. ఒక రాజన్యుడు ఉత్తరాభిముఖుడై బాణము వేయగా, అది పడినచోటినుండి మరల వేయుచు పదునేడు బాణప్రక్షేపముల దూరమును కొలుచును. అచ్చట మేడికొమ్మను పాతుదురు. గుఱ్ఱములచేత బార్హస్పత్యమైన నీవారచరువును మూచూపింతురు. స్తంభముపై అమర్చిన రథచక్రము మీద బ్రహ్మ కూర్చుండి సామగానము చేయును. రథములు ఆ కొమ్మను ప్రదక్షిణముగా చుట్టి వెనుకకు మఱలి వచ్చును. యజమానుని రథమే గెలుచునని ముందే తెలిసియున్న పందెమిది. మలక్‌పేట పందెముల మైదానమున నిట్లు జరిగినచో పెద్ద అల్లరియగును. యజ్ఞమున అది విధి.

నేను మొదట ప్రస్తావించిన మంత్రము ఈ ఘట్టములోనిదే. శుక్లయజుస్సంహిత తొమ్మిదవ అధ్యాయమునను దాని పాఠము కలదు. గుఱ్ఱములు చేరవలసిన కాష్ఠ ఈ దూరపు గుఱి. ఇంతవఱకు వచ్చినప్పుడు ఒక సంగతి స్పష్టమగును. గుఱికి గుర్తుగా కొమ్మను నాటుదురు, నిజమే. అయినను ఆ చోటు కాష్ఠ యగుట కొమ్మ కట్టెయైనందున కాదు, పరుగునకు అది అవధి యైనందున. ఐతరేయమున కాష్ఠ సూర్యుడు గదా, అక్కడ కట్టె యేది?

వాజపేయపు కాష్ఠయొద్ద రథము నిలువదు, మఱలును. అది తుది యగుటకంటె మలుపు. ఇందులకు సరిగా ఎదురైన కాష్ఠ కఠోపనిషత్తులో కలదు.

కఠోపనిషత్తు ప్రథమాధ్యాయము తృతీయవల్లిలో రథరూపకము సుప్రసిద్ధము. ఆత్మ రథి, శరీరము రథము, బుద్ధి సారథి, మనస్సు కళ్లెము, ఇంద్రియములు గుఱ్ఱములు, విషయములు వాని త్రోవలు. మూడవ మంత్రమున మొదలైన ఈ రూపకము తొమ్మిదవ మంత్రమున విష్ణుపదమను మార్గాంతముతో ముగియును. పదవ, పదునొకండవ మంత్రములలో ఇంద్రియములకంటె అర్థములు, వానికంటె మనస్సు, దానికంటె బుద్ధి, దానికంటె మహత్తు, అంతకంటె అవ్యక్తము, అవ్యక్తముకంటె పురుషుడు పరమని చెప్పి, పురుషునికంటె పరమైనది లేదనియు, అదియే కాష్ఠ యనియు, అదియే పరమగతి యనియు ఉపనిషత్తు చెప్పినది. భగవత్పాదులు ఇచ్చట కాష్ఠా శబ్దమును నిష్ఠ, పర్యవసానము అను మాటలతో వివరించిరి. అంతకంటె వేఱర్థము చెప్పవలసిన పని లేదు. అయినను రెండు మంత్రముల ముందఱనే గుఱ్ఱములును, కళ్లెమును, సారథియు, మార్గాంతమును చెప్పిన ఋషి, వెంటనే కాష్ఠ, గతి అను రెండు మాటలను జంటగా వాడుట యాదృచ్ఛికమని నాకు తోచదు. గతి పరుగు, కాష్ఠ పరుగు చేరెడి చోటు. రథరూపకము తొమ్మిదవ మంత్రముతో ముగిసినను దాని చక్రముల చప్పుడు పదునొకండవ మంత్రమువఱకు వినబడుచున్నది. భాష్యమునకు ఇది విరుద్ధము కాదు. భాష్యము ఫలితార్థమును చెప్పినది, నేను శబ్దము నడిచివచ్చిన దారిని చెప్పుచున్నాను.

యజ్ఞపు పందెములో గుఱిని చుట్టి వెనుకకు రావలెను. ఉపనిషత్తులో ఎనిమిదవ మంత్రము, విజ్ఞానవంతుడు చేరిన చోటినుండి మఱల జన్మింపడని చెప్పినది. ఒకే మాట, ఒకచోట మలుపు, మఱియొకచోట మఱలుట లేని తుది. మన భాషలోనికి వచ్చినది ఈ రెండవదే.

పరా అను విశేషణము దీనితో ఎట్లు చేరినది? ఉపనిషత్తులో అది గతి శబ్దమునకు విశేషణము, కాష్ఠ ఒంటరిగా నున్నది. ఒంటరి కాష్ఠయే ఉత్కర్షను చెప్పజాలును. కుమారసంభవము తృతీయసర్గమున మన్మథుడు రతితో తపోవనమున అడుగుపెట్టగానే ప్రాణిమిథునముల స్నేహము కాష్ఠను పొందెనని కాళిదాసు చెప్పిన చోట పరా శబ్దము లేదు. పంచమసర్గమున ఇరువదియెనిమిదవ శ్లోకమున మాత్రము రెండును కలిసి వచ్చినవి. పార్వతి తపస్సు అచ్చట వర్ణ్యము. చెట్లనుండి తమంత తాము రాలిన ఆకులను తిని బ్రతుకుట తపస్సునకు పరమైన కాష్ఠ, ఆమె దానిని కూడ విడిచెను, అందుచే పెద్దలు ఆమెను అపర్ణ యందురు అని భావము. మెదకు మండలమునకు చెందిన కొలచాల మల్లినాథుని సంజీవినితో ఈ శ్లోకమును చదువని ప్రాచ్యకళాశాల విద్యార్థి ఉండడు. అట్లయ్యును ఇందలి ఒక చిన్న అవ్యయమును మనము గమనింపము. పరా, కాష్ఠా అను రెండు పదముల నడుమ హి అను నిపాతము కూర్చున్నది.

ఆ హి కారము మనకు వ్యాకరణమును బోధించుచున్నది. అవి రెండు వేఱు పదములు, సమాసము కాదు. సమాసమే యైనచో రూపము పరకాష్ఠా కావలెను. కర్మధారయమున స్త్రీలింగ పూర్వపదమునకు పుంవద్భావమును విధించు సూత్రము అష్టాధ్యాయి ఆఱవ అధ్యాయము తృతీయపాదమున నలువదిరెండవది. సుందరీ యను పదము స్త్రీ శబ్దముతో సమసించినప్పుడు సుందరస్త్రీ యగుట దీనిచేతనే. పరాకాష్ఠ యనునది సంజ్ఞ వంటిది గావున సంజ్ఞాపూరణ్యోశ్చ అను నిషేధముచే పుంవద్భావము రాదని ఒక మిత్రుడు వాదించెను. ఆ వాదము నిలువదు. నిషేధములు చెప్పినచోట్ల సైతము కర్మధారయమున పుంవద్భావము కలుగుటకే నలువదిరెండవ సూత్రము చేయబడినది. సర్వనామమునకు వృత్తిమాత్రమున పుంవద్భావమను వచనము కూడ పరా శబ్దమునకు అడ్డు తగులును. కావున సంస్కృతరచన చేయువారు పరాం కాష్ఠాం అని రెండు పదములకును విభక్తి చేర్చి వ్రాయుటయే మేలు.

మఱి తెలుగులో పరాకాష్ఠ దోషమా? కాదు. తెలుగువాడు దీనిని సమాసముగా కూర్చుకొనలేదు. సంస్కృతవాక్యమున ప్రక్క ప్రక్కన నిలిచిన రెండు ప్రథమాంతపదములను ఒక్క ముద్దగా ఎత్తి తెచ్చుకొన్నాడు. పరావిద్య, అపరావిద్య అను మాటలును ఇట్లే వచ్చినవి. లోకమున రూఢమైన దానిని దిద్ది పరకాష్ఠ యని వ్రాయువాడు పండితుడనిపించుకొనవచ్చును గాని, వాని మాట ఎవరికిని అర్థము కాదు.

ఠకారము మాత్రము విడువరాదు. పత్రికలలోను, దురదృష్టవశమున కొన్ని పాఠ్యపుస్తకములలోను పరాకాష్ట అని అల్పప్రాణముతో కనబడుచున్నది. నిష్ఠ నిష్ట యగుట, శ్రేష్ఠుడు శ్రేష్టుడగుట వంటిదే ఇది. ఇష్టము, కష్టము, దుష్టుడు మొదలగువానిలో టకారము న్యాయము, అచట క్తప్రత్యయపు తకారము టకారమైనది. కాష్ఠలో నున్నది థకారజన్యమైన ఠకారము. ఈ భేదము చెప్పక విద్యార్థిచేత పదిసార్లు వ్రాయించినను ప్రయోజనము లేదు, చెప్పినచో ఒక్కసారి చాలును.

తక్కిన అర్థములను గూర్చి కొంచెము. అమరుడు నానార్థవర్గమున ఈ శబ్దమునకు ఉత్కర్ష, స్థితి, దిక్కు అని మూడర్థములు చెప్పెను. స్థితి యనగా ఇక్కడ మర్యాద, ఎల్ల. దిగ్వర్గమున దిక్కుల పేళ్లలోను చేర్చెను. కాలవర్గమున కాష్ఠ ఒక కాలపరిమాణము, పదునెనిమిది నిమేషములు. మనువును అట్లే చెప్పెను. కౌటిల్యుడు ఐదు నిమేషములే యనెను. విష్ణుపురాణము పదునైదు అనెను. మనువు లెక్కలో 30 కాష్ఠలు ఒక కళ, 30 కళలు ఒక ముహూర్తము, 30 ముహూర్తములు ఒక అహోరాత్రము. అనగా దినమునకు 27,000 కాష్ఠలు, ఒక్కొక్కటి మన గడియారమున 3.2 సెకండ్లు. దిక్కు పరుగుభూమికి ఎల్ల వంటిదగుట తెలిసినదే. కాలపరిమాణము కూడ నిమేషముల పరుగునకు ఎల్లయే అని నా ఊహ. ఊహకు మించి దానికి బలమీయజాలను.

తెలుగు వాడుకను పరిశీలించినప్పుడు నాకొక విశేషము తోచినది. పరాకాష్ఠతో మనము వాడెడి క్రియలను చూడుడు: చేరినది, అందుకొన్నది, ముట్టినది, పోయినది. అన్నియు నడకను, చేతను చెప్పు క్రియలు. భక్తి పరాకాష్ఠకు చేరును, పరాకాష్ఠకు పెరుగదు. కోపము పరాకాష్ఠ నందుకొనును, పరాకాష్ఠగా పండదు. మాట పందెమును మఱచినను, దాని ప్రక్కనుండు క్రియ మఱువలేదు. నా పాత దారుస్తంభ వ్యుత్పత్తియే నిజమైనచో ఎక్కినది, ఎగబ్రాకినది అను క్రియలు రావలసినవి. పరాకాష్ఠ నెక్కినదని నేను ఎన్నడును వినలేదు.

మఱొక మార్పు కూడ జరిగినది. కాళిదాసు దీనిని తపస్సునకు వాడెను, ఉపనిషత్తు పురుషునికి వాడినది. నేటి పత్రికలలో ఇది ఎక్కువగా అవినీతికి, నిర్లక్ష్యమునకు, అరాచకమునకు అంకితమైనది. భక్తికి పరాకాష్ఠ అను వాక్యమొకటి కనబడునంతలో నిర్లక్ష్యమునకు పరాకాష్ఠ అనునవి పది కనబడుచున్నవి. దీనిని దోషమనను, గుఱి మంచి గుఱ్ఱమునకును చెడ్డ గుఱ్ఱమునకును ఒక్కటే. కాని తరగతిలో ఉదాహరణములిచ్చునప్పుడు మొదటి అర్థమును విడువకుండుట అవసరము.

పరాకాష్ఠను దాటినది అను ప్రయోగమును కొందఱు ఆక్షేపింతురు. తుదిని దాటుట ఎట్లని వారి ప్రశ్న. నేనును చాలకాలము ఎఱ్ఱసిరాతో దానిని కొట్టివేయుచుంటిని. ఇప్పుడు ఆ పని మానుకొంటిని. అపర్ణను చూడుడు. ఆకులు తినుట తపస్సునకు పరమకాష్ఠ యని చెప్పిన కాళిదాసే ఆ ఆకులను ఆమెచేత విడిపించి, కాష్ఠకు ఆవల అడుగుపెట్టించెను. అది దాటరాని చోటని తెలిసినవాడు గనుకనే దాటించి ఆమెకు ఒక పేరు తెచ్చిపెట్టెను. ప్రతిదినము ప్రతి చిన్న సంగతియు పరాకాష్ఠను దాటినదని వ్రాయువానికి ఈ సమాధానము వర్తింపదు.

శిబిరములోని సమాధానపత్రమునకు చివరకు అర్థమునకును, వాక్యమునకును పూర్తి మార్కులు వేయించితిని, ఏలయనగా ప్రశ్న వ్యుత్పత్తిని అడుగలేదు. కట్టె యన్న మాట క్రింద గీత గీసి, అంచున కాష్ఠా, స్త్రీలింగము, నిరుక్తము రెండవ అధ్యాయము చూడుము అని వ్రాసితిని. సమాధానపత్రములు విద్యార్థులకు తిరిగి పోవని ప్రక్కనున్న పరీక్షకుడు గుర్తుచేసెను. అందుకే ఇక్కడ వ్రాయుచున్నాను.